సగంలో ఆగిన బొమ్మల గురించి నాన్నగారికి

పూజ్యులైన నాన్నగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. నేను ఆరుబయట కూర్చుని వేసి పంపిన పన్నెండు నీటిరంగుల బొమ్మలనూ మీరు బల్లమీద వరసగా పరిచి చూసి, ఒక్కొక్కదాని గురించి విడివిడిగా రాసినందుకు చాలా సంతోషించాను. మీ మెప్పుకన్నా మీరు అడిగిన ప్రశ్నలే నాకు ఎక్కువ నచ్చాయి. నాలుగో బొమ్మలో చెరువుగట్టు మీద నిలబడిన మనిషికి ముఖం లేదనీ, ఏడో బొమ్మలో చెట్టుకు ఆకులు లేక పచ్చటి మరకలు మాత్రమే ఉన్నాయనీ, తొమ్మిదో బొమ్మ కుడివైపు మూల తెల్లకాగితంగానే మిగిలిపోయిందనీ, వీటిని ఇంటికి తెచ్చుకున్నాక తీరిగ్గా కూర్చుని పూర్తిచేసి ఉండవలసిందనీ రాశారు. ముప్పై ఏళ్ళు డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేసి, ట్రేసింగ్ కాగితం మీద వెంట్రుకవాసి తేడా కూడా రానివ్వని మీకు అలా అనిపించడం సహజమే. దీనికి జవాబు నాలుగు ముక్కల్లో తేలేది కాదు. ఈ రోజు ఉదయం నుంచీ ముసురు పట్టి బయటికి వెళ్ళే వీలు లేకపోవడంతో కిటికీ దగ్గర కూర్చుని తీరిగ్గా రాస్తున్నాను.

బొమ్మలను ఇంటికి తెచ్చి పూర్తిచేయడం నేను చేయని పని కాదు. రంగులు పట్టిన మొదటి సంవత్సరమంతా అదే చేశాను. ఒక రోజు పొద్దున కొండవాలులో చెట్లవరస, దాని పక్కన మట్టిబాట వేశాను. చెట్ల నీడలు బాటకు అడ్డంగా పడి ఉన్నాయి. అక్కడ కూర్చున్నప్పుడు ఆ నీడలు నా కంటికి ఊదారంగులో కనబడ్డాయి, అలాగే వేశాను. రాత్రి దీపం కింద చూసుకుంటే ఆ ఊదారంగు నాకే నమ్మశక్యం కాలేదు. నీడ అన్నది బూడిదరంగులో కదా ఉండాలి అనుకుని దానిమీద మరో పూత వేశాను. ఆ తరవాత గడ్డి మరీ పసుపుగా ఉందనిపించి దానికి ఆకుపచ్చ కలిపాను. అరగంటలో బొమ్మ శుభ్రంగా, ఏ వంకా పెట్టడానికి లేకుండా తయారైంది, కాని పొద్దుటి ఎండ దానిలోంచి పూర్తిగా వెళ్ళిపోయింది. ఎండ ఎక్కడ పోయిందో తెలుసుకోవడానికి మర్నాడు అదే వేళకు అక్కడికి వెళ్ళి చూశాను. నీడలు ఊదాగానే ఉన్నాయి.

కారణం తరవాత తెలిసింది. నీడలో సూర్యకాంతి నేరుగా పడకపోయినా పైనున్న నీలాకాశపు వెలుతురు పడుతూనే ఉంటుంది. ఆ నీలం ఎర్రమట్టి బాట మీద వాలితే కంటికి ఊదాగా కనబడుతుంది. ఇంట్లో దీపం వెలుగు పసుపు కలిసినది కనుక దానికింద రంగుల పోలికే మారిపోతుంది. అంతకంటే పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ఆకు పచ్చగా ఉంటుంది, నీడ నల్లగా ఉంటుంది అని మనకు చిన్నప్పటినుంచీ తెలిసిన సంగతులు, ఎదురుగా చెట్టు లేనప్పుడు, మన చెయ్యి పట్టుకుని బొమ్మ దిద్దేస్తాయి. చెట్టు ఎదురుగా ఉంటే వాటి ఆటలు సాగవు. అందుకని ఆ రోజు నుంచీ ఇంటి గుమ్మం దాటి లోపలికి వచ్చిన బొమ్మను ముట్టుకోకూడదని నియమం పెట్టుకున్నాను. మీరు చూసిన పన్నెండూ ఆ నియమం తరవాత వేసినవే.

ఇక అక్కడే కూర్చుని ఎందుకు పూర్తిచేయలేదంటారేమో. సూర్యుడు ఆకాశంలో గంటకు 15 డిగ్రీల చొప్పున జరుగుతాడు. నేను రెండు గంటలు కూర్చుంటే వెలుగు 30 డిగ్రీలు పక్కకు తిరిగిపోతుంది. మొదట చెట్టు మొదలుకు ఎడమవైపు ఉన్న నీడ, చివరి పూత వేసే సమయానికి ఇంకోచోట ఉంటుంది. నీడను వెంబడిస్తూ దిద్దుకుంటూ పోతే ఒకే బొమ్మలో రెండు సూర్యుళ్ళు ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకని కూర్చోగానే అట్టముక్కలో కత్తిరించిన చిన్న చతురస్రంలోంచి చూసి ఏది ఉంచాలో ఏది వదలాలో నిర్ణయించుకుంటాను. తరవాత కళ్ళు సగం మూసి చూస్తే చిల్లర వివరాలన్నీ కరిగిపోయి వెలుగు, మధ్యఛాయ, చీకటి అనే మూడు ముద్దలు మిగులుతాయి. మొదటి పది నిమిషాల్లో ఆ మూడింటి హద్దులను పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుంటాను, ఆపైన ఎండ ఎటు తిరిగినా ఆ హద్దులు మార్చను. రంగులు వేయడం ఆ తరవాతి మాట. రెండు గంటలయ్యేసరికి నేను గుర్తుపెట్టుకున్న వెలుగుకూ ఎదురుగా ఉన్న వెలుగుకూ పొంతన ఉండదు, అప్పుడు కుంచె కింద పెట్టేస్తాను.

ఈ తొందర నా ఒక్కదానికే వచ్చింది కాదని తెలుసుకున్నాక నాకెంతో ధైర్యం కలిగింది. ఇంగ్లండు చిత్రకారుడు జాన్ కానిస్టబుల్ 1821, 1822 సంవత్సరాల్లో లండన్ శివార్లలోని హాంప్‌స్టెడ్‌లో కూర్చుని మేఘాలను చిన్న చిన్న కాగితాల మీద తైలవర్ణాలతో వేశాడు. వాటిలో చాలావాటి వెనక తేదీ, వేళ, గాలి, వాతావరణం రాసి పెట్టుకున్నాడు. ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మోనే 1890, 1891లలో తన ఇంటి దగ్గరి పొలాల్లోని ధాన్యపు కుప్పలను పాతిక దాకా కాన్వాసుల మీద వేశాడు. ఎండ మారగానే చేతిలోని కాన్వాసు పక్కనపెట్టి, ఆ వేళకు సరిపోయే ఇంకో కాన్వాసు అందుకునేవాడు. నేను అతని బాటలోనే నడవాలని ప్రయత్నించి, ఉదయానికొకటి, సాయంత్రానికొకటి అని రెండు కాగితాలు ఒకేచోట మొదలుపెట్టాను. మీకు పంపినవాటిలో రెండోదీ మూడోదీ అవే. అవి వేరు వేరు చెరువులనుకున్నానని మీరు రాసింది చదివి మురిసిపోయాను.

నిజానికి ఇలా ఆరుబయట కూర్చుని రంగులు వేయడం అందరికీ సాధ్యమై రెండువందల ఏళ్ళు కూడా కాలేదు. అంతకుముందు నూరిన తైలవర్ణాలను పంది మూత్రాశయపు సంచుల్లో కట్టి ఉంచేవారు. ఒకసారి పొడిచి రంగు పిండుకున్నాక ఆ సంచిని సరిగ్గా మూయడం కుదిరేది కాదు. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు నొక్కితే రంగు బయటికి వచ్చే తగరపు గొట్టానికి పేటెంటు పొందాడు. మూతపెట్టి జేబులో వేసుకునే వీలు ఆ గొట్టంతో వచ్చింది. ఆరుబయట వేసిన బొమ్మల్లో ఆ చోటు అచ్చంగా మిగిలిపోవడం కూడా ఉంది. 1870లో మోనే వేసిన ట్రూవిల్ సముద్రతీరం బొమ్మ ఇప్పుడు లండన్ నేషనల్ గ్యాలరీలో ఉంది, దాని రంగుల్లో ఆ తీరపు ఇసుకరేణువులు అతుక్కుపోయి ఉన్నాయి. డచ్చి చిత్రకారుడు వాన్‌గో 1889లో వేసిన ఒక ఆలివ్ చెట్ల బొమ్మలో ఎండిన మిడత ముక్క ఉన్నట్టు 2017లో అమెరికాలోని నెల్సన్ అట్కిన్స్ మ్యూజియం వారు ప్రకటించారు. ఆ మిడత సంగతి చదివినప్పటినుంచీ నా కాగితం మీద చిన్న పురుగు వాలినా నాకు కోపం రావడం మానేసింది.

మీ ప్రశ్నలకు వస్తాను. ముందుగా ముఖం లేని మనిషి. చాచిన చేతిలో పెన్సిల్ నిలబెట్టి, ఒక కన్ను మూసి, బొటనవేలి గోరుతో కొలుచుకుంటాం. మీ లెక్క ప్రకారమే చూడండి. నూరు మీటర్ల అవతల ఉన్న మనిషి ఆ పెన్సిల్ మీద సుమారు ఒక సెంటీమీటరు పొడవుంటాడు, అందులో తల ఎనిమిదోవంతుకు మించదు. అంటే ఆవగింజంత. అంత దూరంనుంచి నాకు ఆయన కళ్ళూ ముక్కూ కనబడలేదు కనుక వేయలేదు. నాకు కనబడినది ఆయన భుజాలు కొంచెం ముందుకు వంగి ఉండడం, ఎడమ భుజం మీద ఎండ సన్నటి గీతలా పడడం. ఆయన రోజూ కుక్కను వెంటబెట్టుకుని వచ్చే పెద్దాయన. ఒక్కరోజు నా వెనకకు వచ్చి నిలబడ్డారు, బొమ్మ వైపు చూడలేదు, నేను చూస్తున్న వైపే చాలాసేపు చూసి, తల ఊపి వెళ్ళిపోయారు. ఆయనకు ముఖం గీసి ఉంటే నేను చూడనిది చూశానని చెప్పినట్టయ్యేది. ఏడో బొమ్మలోని ఆకుల సంగతీ అంతే. అంత దూరాన ఆకు ఆకుగా ఉండదు, ఎండ తగిలిన గుత్తి, తగలని గుత్తి, వాటి మధ్యలోంచి తొంగిచూసే ఆకాశపు ముక్కలు, అంతవరకే ఉంటుంది.

మీరు ప్లాను గీసినప్పుడు రోడ్డు ఈ చివరా ఆ చివరా ఒకే వెడల్పుతో ఉంటుంది, ఎందుకంటే అది నిజంగా అంతే ఉంది. నా కాగితం మీద అదే రోడ్డు దూరం పోయేకొద్దీ సన్నబడి, దానికవతల కొండ నీలిబారి, పలచబడి, ఆకాశంలో కలవబోతున్నట్టు ఉంటుంది, ఎందుకంటే మనకూ కొండకూ మధ్య ఉన్న గాలి కూడా కంటికి కనబడే వస్తువే. మీరు వస్తువు ఎలా ఉందో గీశారు. నేను ఈ చోట, ఈ వేళ కూర్చున్న ఒక మనిషికి అది ఎలా కనబడిందో వేస్తున్నాను. రెండింటికీ కావలసిన నిజాయితీ మాత్రం ఒకటేనని నాకు గట్టి నమ్మకం. ఆ నిజాయితీ మీ బల్ల పక్కన నిలబడి చూసి నేర్చుకున్నదే.

ఇక తొమ్మిదో బొమ్మ. అక్కడ తెల్లగా మిగిలిన భాగంలో సగం కావాలని వదిలినది. నీటిరంగుల్లో తెలుపును రంగుగా పూయడం నాకు ఇష్టం లేదు. కాగితపు తెలుపే వెలుగు, దాన్ని ఒకసారి కప్పేస్తే తిరిగి తెచ్చుకోవడం చాలా కష్టం. నీటిమీద ఎండ మెరిసిన చోటును అందుకే పొడిగా వదిలేశాను. మిగతా సగం మాత్రం నిజంగా పూర్తికానిదే, దాన్ని నేను సమర్థించుకోను. ఆకాశం పూత సగం ఆరి సగం తడిగా ఉన్నప్పుడు వాన చినుకులు మొదలయ్యాయి. మీ దగ్గర ఉన్న భూతద్దం పెట్టి పైభాగం చూడండి. చినుకు పడిన ప్రతిచోటా నీరు రంగును అంచులకు తోసేసి, మధ్యలో తెల్లగా, చుట్టూ కాలీఫ్లవర్ అంచులాంటి గీతతో చిన్న చిన్న పువ్వులు ఏర్పడ్డాయి. ఇంకా దగ్గరగా చూస్తే అల్ట్రామెరైన్ నీలపు రేణువులు కాగితం గరుకులోని గుంటల్లోకి దిగి, ఇసుక పేరుకున్నట్టు కనబడతాయి. ఆ పువ్వులు నేను వేసినవి కావు. అయినా ఆ రోజు నేను వేసినవాటన్నిటికంటే అవే ఆ రోజు వాతావరణాన్ని సరిగ్గా చెబుతున్నాయి.

ఆరో బొమ్మలో మాత్రం మీరు పట్టుకున్నది అసలైన తప్పు. నీటిమట్టం ఎడమవైపుకు వాలిందన్నారు. చెరువు ఏ ఒడ్డున ఎలా ఉన్నా నీటి ఉపరితలం సమంగానే ఉండాలి. వాలుగా ఉన్న గట్టుమీద మోకాళ్ళపై బల్ల ఆనించుకుని కూర్చోవడంవల్ల నా కాగితమే పక్కకు ఒరిగిపోయింది, నేను గమనించలేదు. చూసినదే వేశానన్న మాట ఇక్కడ పనికిరాదు.

నేను ఈ దేశం వచ్చిన కొత్తలో ఇక్కడి వెలుతురు నాకు అస్సలు అలవాటు కాలేదు, నాన్నగారూ. మన దగ్గర మధ్యాహ్నమయ్యేసరికి ఎండ నడినెత్తికి వచ్చి, నీడలన్నీ చెట్ల పాదాల కిందికి చేరిపోతాయి. ఇక్కడ చలికాలంలో మిట్టమధ్యాహ్నమైనా సూర్యుడు చెట్ల కొమ్మలు దాటి పైకి రాడు, రోజంతా సాయంత్రంలాగే ఉంటుంది. ఆ వెలుతురు చూస్తే నాకు దిగులేసేది. పొద్దున్నే ఇల్లు కదిలి, వచ్చి, పడుకోవడం తప్ప ఈ ఊరిలో ఏ చెట్టు ఎక్కడ ఉందో కూడా తెలియకుండా రెండేళ్ళు గడిచాయి. ఇప్పుడు ఆ పొడుగు నీడలకోసమే చలికాలం ఎప్పుడు వస్తుందా అని చూస్తున్నాను. చెరువు అవతలి చెట్టు నీడ నీటి అంచును ఏ వేళకు తాకుతుందో నాకు తెలుసు. చలికి పూత ఆరడం ఆలస్యమవుతుంది కనుక ఒక పూతకూ ఇంకో పూతకూ మధ్య చేతులు రుద్దుకుంటూ ఊరికే చూస్తూ కూర్చోవలసి వస్తుంది. నేను ఈ చోటును నిజంగా చూసినది ఆ ఖాళీ సమయాల్లోనే. ఎవరైనా ఈ ఊరు ఎలా ఉంటుందని అడిగితే ఇప్పుడు నేను జవాబు చెప్పగలను.

బొమ్మలకు అద్దం కట్టిస్తానన్నారు. కట్టిస్తే కాగితానికీ అద్దానికీ మధ్య అట్ట అంచు పెట్టించండి, అద్దం రంగును తాకకూడదు. నేరుగా ఎండ పడే గోడకు తగిలించవద్దు, కొన్ని రంగులు ఏళ్ళ తరబడి ఎండ తగిలితే వెలిసిపోతాయి. తొమ్మిదోదానికి అద్దం వద్దు, దాన్ని మీ బల్ల సొరుగులో భూతద్దం పక్కన ఉంచండి.

వాన తెరిపిచ్చేలా ఉంది. రేపు ఉదయం మళ్ళీ ఆరో బొమ్మ వేసిన గట్టుకే వెళతాను. కుంచెలు కడిగే గాజుసీసాను సగం నీళ్ళతో నింపి కంటికి ఎదురుగా పట్టుకుంటే, సీసా ఎటు ఒరిగినా అందులోని నీటిగీత సమంగానే నిలుస్తుంది. దాని వెనక చెరువు అంచును సరిచూసుకుని మొదటి గీత గీస్తాను. ఆ కాగితం వెనక తేదీ, వేళ, గాలి ఎటునుంచి వీచిందీ రాసి మీకు పంపుతాను. ఈసారి నీళ్ళు వాలాయో లేదో స్కేలు పెట్టి చూసి చెప్పండి.

అమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ అమ్మాయి