హాస్టల్‌లో చేతులు మారుతున్న మాత్రలు: ప్రిన్సిపాల్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి,

నేను బెంగళూరులో మీ కాలేజీ హాస్టల్‌లో ఉంటున్న ఒక అనంతపురం విద్యార్థి తండ్రిని. మెయిళ్లకు జవాబు రాలేదు కాబట్టి అందరి ముందూ రాస్తున్నాను.

మా వాడికి ఏడీహెచ్‌డీ, అంటే ఏకాగ్రత, నిలకడ కుదరని సమస్య. డాక్టర్ గారు బీపీ, గుండె పరిస్థితి చూశాకే ఏకాగ్రత కుదిర్చే మిథైల్‌ఫెనిడేట్ మాత్రలు రాశారు. పరీక్షలు రాగానే తోటివాళ్లు "ఒక్కటివ్వరా, రాత్రంతా చదవాలి" అని పట్టుబడుతున్నారు. ఇస్తే వీడికి మందు చాలదు, ఇవ్వకపోతే మాట్లాడేవారుండరు. వేసుకున్న ఒక కుర్రాడు గుండెదడతో, టెన్షన్‌తో తెల్లవార్లూ నిద్రపోలేదట. బయటపడని గుండె జబ్బుంటే ప్రాణం మీదికే రావచ్చు. ఇది షెడ్యూల్ ఎక్స్ మందు, అంటే డాక్టర్ చీటీ మీద మాత్రమే, కట్టుదిట్టంగా అమ్మాల్సినది; 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) పరిధిలోకీ వస్తుంది. స్నేహం కొద్దీ పంచినా కేసే. ఆ సంగతి పిల్లలకు ఎవరు చెప్పారు?

సెమిస్టర్ పరీక్షలకు ముందే మందులకు తాళమున్న లాకర్లు ఇవ్వండి, డాక్టరుతో అవగాహన తరగతి పెట్టించండి. మందు వాడే పిల్లల పేర్లు మాత్రం బయటపెట్టవద్దు. ఈ నెలాఖరులోగా లిఖితపూర్వకంగా జవాబు కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విద్యార్థి తండ్రి