అంగన్‌వాడీ టీచర్లకు ఈ శిక్షణ కూడా ఇప్పించండి

తెలంగాణ మహిళా శిశు సంక్షేమ శాఖ మంత్రి గారికి నమస్కారం.

అంగన్‌వాడీ టీచర్లకు పిల్లల బరువు తూచడం, ఎత్తు కొలవడం, ఆ వివరాలు ఫోన్‌లో ఎక్కించడం నేర్పారు. పిల్లల భయాన్ని గుర్తుపట్టడం కూడా నేర్పించండి. నాలుగేళ్ల పాప తనపై లైంగిక వేధింపులు జరిగినా మాటల్లో చెప్పలేకపోవచ్చు. మానేసిన పక్కతడుపు మళ్లీ మొదలవుతుంది. గలగలా మాట్లాడే పిల్ల ముడుచుకుపోతుంది. ఫలానా మనిషి తీసుకెళ్లడానికి వస్తే ఆయాను వదలదు. ఇలా కనిపించినంత మాత్రాన వేధింపులే అని తేల్చలేం, అందుకే శిక్షణ కావాలి. గుచ్చి గుచ్చి ప్రశ్నించకుండా వినడం, పాప అన్న మాటలను అలాగే రాసిపెట్టడం సాధన చేయించాలి.

పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం, 2012 ప్రకారం అలాంటి నేరం గురించి తెలిసినవాళ్లు పోలీసులకు చెప్పి తీరాలి. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు పడవచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్లపై కేసు ఉండదని 19వ సెక్షన్ భరోసా ఇస్తోంది. ఈ రెండో సంగతి టీచర్లకు గట్టిగా చెప్పాలి. ఎందుకంటే టీచర్‌దీ అదే ఊరు. అనుమానం ఊరి పెద్ద ఇంటి మీదికే పోతే రేపు ఆమె బతికేదెలా? పిల్లల సహాయవాణి 1098కి ఫోన్ చేసిన టీచర్ పేరు బయటికి పొక్కకుండా, సూపర్‌వైజర్, శిశు అభివృద్ధి ప్రాజెక్టు అధికారి (సీడీపీవో) ఆమె వెంట నిలబడేలా రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. పిల్లలతో ఎక్కువసేపు గడిపే ఆయాలను, ప్రైవేటు క్రెష్‌ల సిబ్బందిని కూడా ఈ శిక్షణలో చేర్చండి.

వచ్చే విద్యా సంవత్సరానికల్లా మొదలుపెట్టాలని వేడుకుంటున్నాను.

ఇట్లు,
అంగన్‌వాడీకి వెళ్లే ఒక పాప తల్లి