హెవీ బ్యారెల్ ఆర్డర్ ఇచ్చే ముందు ఒక మాట

మా షాపులో రైఫిళ్లు కొనేవాళ్లకూ, సర్వీసింగ్‌కి తెచ్చేవాళ్లకూ నమస్కారం. ఈ సీజన్ నుంచి .22 (చిన్న తూటా వాడే) హెవీ బ్యారెల్ రైఫిళ్లు, అంటే లావు, బరువైన గొట్టమున్నవి, ముందే తెప్పించి పెట్టడం మానేస్తున్నాం. కావాలంటే ఆర్డర్ మీదే, అదీ మీరు షూటింగ్ రేంజ్‌లో అలాంటిది ఒకసారి పట్టుకుని కాల్చి చూశాకే.

"బరువుంటే గురి బాగుంటుంది కదండీ" అంటారు చాలామంది. సగం నిజం. లావు బ్యారెల్ గట్టిగా నిలుస్తుంది. పొడవు మారకుండా వ్యాసం 10 శాతం పెరిగితే చాలు, వంగకుండా ఆగే బలం దాదాపు ఒకటిన్నర రెట్లవుతుంది. వేడీ నెమ్మదిగా ఎక్కుతుంది. పెద్ద క్యాలిబర్‌లో (లావు తూటాలవాటిలో) వరుసపెట్టి కాలిస్తే సన్న బ్యారెల్ వేడెక్కి గ్రూప్ (తూటాలు గుంపుగా పడే చోటు) పక్కకి జరగొచ్చు, అక్కడ లావుదే పైచేయి. మన .22 తూటాలో మందుగుండు చిటికెడు. మ్యాచ్‌లో 60 షాట్లు కొట్టినా వేడి పెద్ద సమస్య కాదు.

ఇక మిగిలింది పట్టు. ముందు భాగంలో బరువుంటే బ్యారెల్ మూతి నెమ్మదిగా ఊగుతుంది, ప్రోన్‌లో (బోర్లా పడుకుని కాల్చేటప్పుడు) హాయిగా ఉంటుంది. చిక్కంతా స్టాండింగ్‌లోనే, అంటే నిలబడి కాల్చేటప్పుడే. ఆ బరువు ఎడమ చేతి మీదా, నడుము మీదా పడుతుంది. 50 మీటర్ల టార్గెట్ మీద పది పాయింట్ల రింగు వెడల్పు 10.4 మిల్లీమీటర్లే. భుజం వణకడం మొదలైతే ఎంత ఖరీదైన బ్యారెల్ అయినా ఏం లాభం? రూల్ ప్రకారం 50 మీటర్ల రైఫిల్ 8 కిలోల దాకా, 10 మీటర్ల ఎయిర్ రైఫిల్ 5.5 కిలోల దాకా ఉండొచ్చు. అది పైహద్దు. అందాకా వెళ్లమని మనల్ని ఎవరూ అడగలేదు, ముఖ్యంగా పదో తరగతి పిల్లల్ని.

అందుకే కొత్తవాళ్లకు తేలిక బ్యారెల్, దానికి విడిగా వెయిట్లు తీసుకోమంటున్నాను. బలం పెరిగేకొద్దీ వెయిట్లు కలుపుకోవచ్చు, ఎక్కువైతే తీసేయొచ్చు. మిగిలిన డబ్బు తూటాల లాట్ టెస్టింగ్‌కి, అంటే ఒక్కో తయారీ విడత తూటాల్ని మీ రైఫిల్‌లో కాల్చి చూడటానికి, పెట్టండి. ఒకే కంపెనీ, ఒకే రకం తూటాలైనా లాటు మారితే గ్రూప్ మారుతుంది. దాచడమెందుకు, నాకు మార్జిన్ ఎక్కువొచ్చేది హెవీలోనే.

ప్రోన్ ఒక్కటే ఆడేవాళ్లు, బెంచ్ మీద రైఫిల్ ఆనించి కాల్చేవాళ్లు మాత్రం నిశ్చింతగా హెవీ తీసుకోండి. ఇప్పటికే అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు సరుకు బయల్దేరేలోపు మార్చుకోవచ్చు, ఆ డబ్బు కొత్త బిల్లులో సర్దుతాం. షాపుకొచ్చేటప్పుడు లైసెన్స్ ఒరిజినల్ తీసుకురండి, జిరాక్స్ చూసి సర్వీసింగ్‌కి రైఫిల్ తీసుకోలేం.