మా ముత్తాత ఉత్తరం ఎక్కడుంది? జవాబు చెప్పండి

కస్టమర్ సర్వీస్ విభాగం అధిపతి గారికి,

విషయం: వంశచరిత్ర పరిశోధన ప్యాకేజీ గురించి నేను చేసిన ఫిర్యాదును పరిష్కరించకుండానే మళ్ళీ మళ్ళీ మూసేయడం.

అయ్యా,

నిన్న మీ దగ్గర్నుంచి మళ్ళీ అదే మెసేజ్ వచ్చింది. నా సమస్య పరిష్కారమైందట, మీ సేవకు ఎన్ని స్టార్లు ఇస్తానో చెప్పాలట. ఏ సమస్య పరిష్కారమైంది? ఎవరు పరిష్కరించారు? నాకు ఒక్క ఫోన్ కూడా రాలేదు. ఫిర్యాదు ఇవ్వడం, మీరు దాన్ని మూసేయడం, నేను మళ్ళీ తెరిపించడం, కొత్త నంబరుతో కథ మొదటికి రావడం. వేసవి నుంచి ఇదే తంతు. అందుకే ఈసారి యాప్‌లో కాకుండా కాగితం మీద రాసి రిజిస్టర్డ్ పోస్టులో పంపుతున్నాను. దీన్నైనా ఒక మనిషి చదవాలని నా కోరిక.

నేను మీకు కొత్త కస్టమర్‌ని కాను. మీ యాప్ తెలుగులో వచ్చినప్పటి నుంచీ చందా కడుతున్నాను, ఒక్క ఏడాదీ ఆపలేదు. మా పెద్దనాన్నగారి పిల్లలు, మా వదినవాళ్ళ పుట్టింటివాళ్ళు నా మాట మీదే మీ దగ్గర చేరారు. స్కూల్లో తెలుగు టీచరుగా ఉన్నన్నాళ్ళూ పిల్లల చేత వంశవృక్షాలు గీయించి, మీ యాప్ చూపించేదాన్ని. ఆ నమ్మకంతోనే "నిపుణుల పరిశోధన" ప్యాకేజీకి రూ.38,000 కట్టాను. నా పెన్షన్లో అది చిన్న మొత్తం కాదు.

విషయం ఏమిటంటే, మా నాన్నగారి తాత 1902లో టెక్కలి దగ్గరి మా ఊరి నుంచి మేస్త్రి వెంట మద్రాసు వెళ్ళి, అక్కడ ఓడెక్కి దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు చెరకు తోటల కూలీగా వెళ్ళాడు. అప్పటికి ఆయన భార్య కడుపుతో ఉంది. 1860లో మొదటి ఓడ డర్బన్ చేరిన దగ్గర్నుంచి 1911లో వలస ఆపేసేదాకా అలా వెళ్ళినవాళ్ళు లక్షన్నర మంది. అందులో ఎక్కువమంది మద్రాసు నుంచి ఓడెక్కినవాళ్ళే. అందరికీ ఐదేళ్ళ ఒప్పందం. మొదటి ఏడాది నెలకు 10 షిల్లింగులు, ఏటా ఒక షిల్లింగు పెరిగి ఐదో ఏడాదికి 14. ఒప్పందం ముగిశాక ఆయన దగ్గర్నుంచి ఒకే ఒక్క ఉత్తరం వచ్చింది. మౌంట్ ఎడ్జ్‌కోంబ్ తోటలో ఉన్నానని, ఒప్పందం తీరినవాళ్ళు అక్కడే ఉండాలంటే ఏడాదికి 3 పౌండ్ల పన్ను కట్టాలంటున్నారని, అది కట్టుకుని నాలుగు డబ్బులు వెనకేసుకుని వచ్చేస్తానని అందులో ఉంది. 3 పౌండ్లంటే 60 షిల్లింగులు, నాలుగు నెలల జీతం కన్నా ఎక్కువ. ఆయన తిరిగి రాలేదు. ఇంకో ఉత్తరమూ రాలేదు.

ఆ ఉత్తరం ఎవరి చేతో రాయించింది. ఆయనకు చదువు రాదు. కింద ఆయన వేలిముద్ర ఉంటుంది. నల్ల సిరా, గీతలన్నీ స్పష్టంగా కనిపిస్తాయి, ఒక పక్క కాస్త అలుక్కుపోయింది. దాని పక్కన ఆయన కూలీ నంబరు, అంటే అలా వెళ్ళిన ప్రతి మనిషికీ ఇచ్చిన నంబరు. నాలుగు మడతలు పెట్టిన కాగితం, మడతల దగ్గర పట్టుకుంటే చిరిగేలా ఉంటుంది. ఆ మనిషి ఫోటో మా దగ్గర లేదు. ఆయన వస్తువంటూ ఇంకేదీ లేదు. ఆ వేలిముద్ర ఒక్కటే.

దాన్ని మీరు అడిగారు. మేం ఫోన్లో ఫోటో తీసి పంపితే పనికిరాదని, మడత మీద ఉన్న నంబరు మసగ్గా పడిందని, ఒరిజినలే కావాలని, స్కాన్ చేసి వెంటనే తిప్పి పంపుతామని మీ మనిషి రాతపూర్వకంగా చెప్పారు. ఆ ఈమెయిల్ ప్రింటు దీనికి జత చేశాను. మా నాన్నగారు తన చేత్తో కవర్లో పెట్టి ఇచ్చారు.

తర్వాత మీ రిపోర్టు వచ్చింది. అది మా ముత్తాతది కాదు. అదే పేరున్న వేరే మనిషి, ఉత్తర ఆర్కాటు జిల్లా వాడు, తండ్రి పేరు వేరు, వేరే ఓడ. సంగతేమిటని చూస్తే, మీవాళ్ళు నంబరులో చివరి రెండు అంకెలు తారుమారు చేశారు. మా నాన్నగారికి ఆ నంబరు కంఠతా వచ్చు. వాళ్ళ నాయనమ్మ చిన్నప్పుడు ఎక్కాలతో పాటు అప్పజెప్పించుకునేదట. రిపోర్టు చదవగానే "ఇది తాత కాదమ్మా" అన్నారు. సరే, పొరపాట్లు ఎవరికైనా జరుగుతాయి. సరిచేస్తే అయిపోయేది. నా కోపం రిపోర్టు మీద కాదు. ఆ తర్వాత మీరు మాతో ప్రవర్తించిన తీరు మీద.

మొదట మాట్లాడిన అమ్మాయి మర్యాదగానే విని, "నేటాల్ అంటే ఏ స్టేట్ మేడమ్?" అని అడిగింది. పరిశోధన విభాగానికి పంపుతాను, వాళ్ళే ఫోన్ చేస్తారు అంది. చెయ్యలేదు. రెండోసారి మాట్లాడినతను, సిస్టమ్‌లో శ్రీకాకుళం జిల్లా అని కొడితే ఆ కాలంలో ఎవరూ రావట్లేదు, కాబట్టి ఇచ్చిన రిపోర్టే కరెక్టు అన్నాడు. 1902లో శ్రీకాకుళం జిల్లా ఎక్కడుంది బాబూ అని ఓపిగ్గా చెప్పాను. అప్పుడు మా ప్రాంతమంతా గంజాం జిల్లా. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు మా వైపు విశాఖపట్నం జిల్లాలో కలిసింది, శ్రీకాకుళం జిల్లా వచ్చింది 1950లో. గంజాం అని వెతకండి అన్నాను. నోట్ చేసుకున్నానన్నాడు. మర్నాడు ఫోన్ చేస్తే ఆ ఫిర్యాదులో ఒక్క ముక్కా రాసి లేదు. మూడో మనిషికి మళ్ళీ గంజాం దగ్గర్నుంచి మొదలుపెట్టాను. ఆవిడ మధ్యలోనే నన్ను బిల్లింగ్ వాళ్ళకు కలిపింది. బిల్లింగ్ వాళ్ళు ఇది మా పని కాదని మొదటి మెనూకే తోసేశారు. తెలుగు కోసం నాలుగు నొక్కితే హిందీలో మాట్లాడారు. నాకు హిందీ వచ్చు కాబట్టి సరిపోయింది. అదే మా నాన్నగారు చేసి ఉంటే?

అన్నిటికన్నా బాధ కలిగించింది ఒకటుంది. ఒకతను, కేసు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళే ఫోన్ చెయ్యాలి, వాళ్ళ ఆధార్ కాపీ పంపాలి అన్నాడు. ఆ కేసు మా ముత్తాత పేరు మీద ఉంది! నూట ఇరవై ఏళ్ళ కిందట ఓడెక్కిపోయిన మనిషి ఆధార్ కార్డు నేనెక్కణ్ణుంచి తేవాలి? ఆయన ఎవరో చెప్పాను, మీరు వెతకాల్సిందే ఆయన్ని అని చెప్పాను. "రూల్ అదే మేడమ్" అన్నాడు. పక్కనే కూర్చున్న మా నాన్నగారు స్పీకర్లో ఆ మాట విన్నారు. ఏమీ అనకుండా లేచి లోపలికి వెళ్ళిపోయారు. ఆయనకు ఎనభై ఏడేళ్ళు. ఆ వయసు మనిషిని అలా బాధపెట్టినందుకు మీలో ఒక్కరైనా క్షమించండి అన్నారా?

ఉత్తరం గురించి అడిగితే, "స్కాన్ మీ అకౌంట్‌లోనే ఉంది కదా మేడమ్" అంటారు. ఉంది, చూశాను. అందులో సగం వేలిముద్ర కట్ అయిపోయింది. అయినా నేను అడుగుతున్నది స్కాన్ కాదు. ఒరిజినల్ ఏ ఊళ్ళో ఉంది, ఎవరి బీరువాలో ఉంది, అసలు ఉందా? దీనికి ఇవాళ్టి వరకు మీ కంపెనీలో ఒక్కరూ సూటిగా జవాబు చెప్పలేదు. ఒకరు గోడౌన్‌లో ఉందన్నారు. ఇంకొకరు పార్ట్‌నర్ టీమ్ దగ్గర ఉందన్నారు. మరొకరు కొరియర్‌లో వేసేశామన్నారు, ట్రాకింగ్ నంబరు అడిగితే ఫోన్ పెట్టేశారు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఎన్నాళ్ళు చెప్పుకోవాలి?

ఈలోగా మా అబ్బాయి ఒక సాయంత్రం కూర్చుని తనే వెతికాడు. డర్బన్‌లో క్వాజులు-నేటాల్ విశ్వవిద్యాలయం వాళ్ళ గాంధీ-లుతులి డాక్యుమెంటేషన్ సెంటర్ ఓడల జాబితాలను అందరికీ అందుబాటులో పెట్టింది. సరైన నంబరుతో చూస్తే మా ముత్తాత వివరాలున్న వరస దొరికింది. పేరు, తండ్రి పేరు, వయసు, జిల్లా గంజాం, ఒంటి మీద గుర్తు ఎడమ మోచేతి మీద మచ్చ. నాన్నగారు మచ్చ దగ్గర ఆగిపోయారు. ఆ మచ్చ సంగతి ఇంట్లో ఎవరికీ తెలీదు. పైసా ఖర్చు లేకుండా దొరికిన ఈ వరస, అంత డబ్బు తీసుకుని మీరు ఇవ్వలేకపోయారు. కాదు, నంబరు సరిచూడమని బతిమాలుతున్నా చూడలేదు.

మిగిలిన పని మా వల్ల కాదు, అందుకే మీ దగ్గరికి వచ్చాం. అప్పట్లో నేటాల్‌లో ఈ కూలీల వ్యవహారాలు చూసిన భారతీయ వలసదారుల సంరక్షక అధికారి కార్యాలయం ఫైళ్ళు దక్షిణాఫ్రికాలోని పీటర్‌మారిట్జ్‌బర్గ్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. మనుషుల్ని పెట్టి అవి చూపిస్తామని మీ ప్యాకేజీలోనే రాశారు. మా నాన్నగారికి తెలియాల్సింది ఒక్కటే. ఆ 3 పౌండ్ల పన్ను మీద 1913లో గాంధీగారి పిలుపుతో సమ్మె జరిగినప్పుడు అది మౌంట్ ఎడ్జ్‌కోంబ్ తోటలకూ పాకింది, కాల్పుల్లో కూలీలు చనిపోయారు. వాళ్ళలో తాత ఉన్నాడా, లేక బతికి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడా? పెట్టుకున్నా తప్పులేదు, తెలిస్తే చాలు అంటారు. పన్ను 1914లో రద్దయింది. కొన్నాళ్ళు ఆగితే వచ్చేవాడేమో అని ఇప్పటికీ అంటుంటారు. ఈ ప్రశ్నలతో ఆయన చిన్నప్పటి నుంచీ బతుకుతున్నారు. మీకు అది మూసేయాల్సిన ఒక ఫిర్యాదు నంబరు.

ఉత్తరం వెంటనే పంపండి. రెండు గట్టి అట్టల మధ్య పెట్టి, ఇన్సూరెన్స్ చేసి, ట్రాకింగ్ నంబరు నాకు ఫోన్లో చెప్పి పంపండి. రిపోర్టు సరిచేస్తారో, డబ్బు తిరిగిస్తారో మీ ఇష్టం. ఉత్తరం పోయిందంటే మాత్రం ఆ మాట మీ పెద్ద అధికారి ఎవరైనా మా ఇంటికి వచ్చి మా నాన్నగారికి ఎదురుగా చెప్పాలి. మెసేజ్ పెడితే ఒప్పుకోను.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో జవాబు రాకపోతే విశాఖపట్నం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తాను. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం నేనున్న ఊళ్ళోనే వేసుకోవచ్చు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఇప్పటికే ఫోన్ చేసి వివరాలు చెప్పాను. నమ్మి ఇచ్చిన కాగితం తిప్పి ఇవ్వనందుకు పోలీస్ స్టేషన్‌లో కూడా ఫిర్యాదు ఇస్తాను. మీ ఏజెంట్లు మాట్లాడిన తేదీలు, మాటలు అన్నీ నోటుబుక్కులో రాసి పెట్టుకున్నాను. నా మాట మీద మీ దగ్గర చేరిన ప్రతి కుటుంబానికీ ఈ లేఖ నకలు పంపుతున్నాను. వాళ్ళ పెద్దల కాగితాలు మీకు పంపొద్దని కూడా చెబుతున్నాను.

నా ఫోన్ నంబరు మీ దగ్గర ఉంది. ఉదయం పది తర్వాత ఎప్పుడు చేసినా ఎత్తుతాను.

ఇట్లు,
మీ పాత చందాదారు, రిటైర్డ్ తెలుగు టీచరు
విశాఖపట్నం