నీ రూమ్మేట్ అడిగిన మాట గురించి

చిన్నీ,

రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదమ్మా. నాన్న పడుకున్నారు, నేను లేచి కూర్చుని ఇది టైప్ చేస్తున్నా, ఫోన్లో అయితే సగం మర్చిపోతా, నీకేమో మధ్యలో ఆఫీస్ కాల్ వస్తుంది.

"దేవుడనేవాడు ఉంటే మా తాతల్ని ఊరి బయట ఎందుకు ఉంచాడు" అని ఆ అమ్మాయి అడిగితే, దేవుడి చిత్తం మనకి అర్థం కాదులే అన్నావు, తర్వాత ఆ పిల్ల దుప్పటి కప్పుకుని గోడవైపు తిరిగి పడుకుంది అన్నావు. నేనైనా అలాగే తిరిగేదాన్ని. ఆ ప్రశ్న ఇంట్లో మోసినవాళ్ళకే వస్తుంది, దాన్ని ఒక్క మాటతో కొట్టేసినట్టయింది కదా.

తను బౌద్ధురాలు, మనం క్రైస్తవులం కదా, అందుకని ఇప్పుడు నువ్వు నెట్లో బౌద్ధం గురించి ధ్యానం, నిర్వాణం, అష్టాంగ మార్గం అన్నీ చదివి మాట్లాడదామంటున్నావు, చదువు, మంచిదే. కానీ ఆ అమ్మాయిది నాగపూర్ అని మర్చిపోకు. 1956 అక్టోబర్ 14న, దసరా రోజు, అంబేద్కర్ గారు అక్కడ బౌద్ధం తీసుకుంటే ఆయన వెనక లక్షల మంది తీసుకున్నారు, వాళ్ళ తాత ఆ జనంలో ఉన్నాడని నువ్వే చెప్పావు. వాళ్ళింట్లో బుద్ధుడంటే తాత తలెత్తుకుని నడిచిన రోజు. అందుకే ముందు "మీ తాత ఆ రోజు గురించి ఏం చెప్పేవాడు" అని అడుగు. అడిగాక మధ్యలో దూరకుండా విను.

మనవైపు అందరూ బుద్ధుడు విష్ణుమూర్తి అవతారమే కదా అనేస్తారు, ఆ మాట మాత్రం నోట్లోంచి రానీకు, అది నమ్మం అనేది బౌద్ధం తీసుకునేటప్పుడు వాళ్ళు చేసిన 22 ప్రతిజ్ఞల్లోనే ఉంది. ఇంకోటి, ముసలివాణ్ణి, రోగిని, శవాన్ని చూసి ఇల్లొదిలేశాడని మనం స్కూల్లో చదివాం కదా, ఆ కథని అంబేద్కర్ గారు ఒప్పుకోలేదు. రోహిణి నది నీళ్ళ కోసం సిద్ధార్థుడి వంశమైన శాక్యులకీ, పక్కనున్న కోలియులకీ తగాదా వస్తే, యుద్ధం వద్దని అడ్డం నిలబడినందుకు సిద్ధార్థుడు ఇల్లొదలాల్సి వచ్చిందని రాశారు. నీళ్ళ తగాదా చిన్నీ! మన పల్లెలో ఆడవాళ్ళు బిందెలు పట్టుకుని బావికి దూరంగా నిలబడేవాళ్ళనీ, ఎవరో ఒకరు దయతలిచి పైనుంచి పోస్తే పట్టుకునేవాళ్ళనీ అమ్మమ్మ చెప్పేది, గుర్తుందా?

అది కూడా చెప్పు ఆ అమ్మాయికి. మా తాత ఫాదర్ల బడిలో పలక పట్టాడు, మన ఇంటిపేరు రాయగలిగిన మొదటి మనిషి ఆయన, జ్ఞానస్నానం తీసుకున్నాక చచ్చేదాకా చర్చిలో ఒక్క ఆదివారం పూజ తప్పలేదు. చర్చిలోకి వచ్చాక కులం పోయిందా అని అడుగుద్ది, దాచకు. నా చిన్నప్పుడు ఒక ఊరి చర్చిలో మనవాళ్ళు వెనకే కూర్చునేవాళ్ళు, నేను కూర్చున్నా. 2022లో హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) పూల ఆంథోనీ గారు కార్డినల్, అంటే పోపు తర్వాతి పెద్దల్లో ఒకరు అయితే, దళితుల్లోంచి మొదటి కార్డినల్ అని మీ నాన్న టీవీ ముందు ఏడ్చారు చూడు, ఆ ఏడుపులో సంతోషం ఎంతుందో ఇన్నాళ్ళు పట్టిందే అన్న బాధా అంతే ఉంది.

కులం సర్టిఫికెట్ సంగతి కూడా ఎప్పుడో ఒకప్పుడు వస్తుంది. ఆ అమ్మాయి ఎస్సీ, నువ్వు బీసీ-సి, అంటే క్రైస్తవంలోకి వచ్చిన ఎస్సీలకిచ్చే గ్రూపు. 1950 రాష్ట్రపతి ఉత్తర్వు ఎస్సీ హోదాని దాదాపు హిందువులకే ఇచ్చింది, 1956లో సిక్కుల్ని కలిపారు, బౌద్ధుల్ని 1990లో, మనల్ని ఇప్పటికీ కలపలేదు. అది నాకూ మంటే. కానీ వాళ్ళూ 34 ఏళ్ళు ఎదురుచూశారు, ఆ కోపం ఆ పిల్ల మీద చూపించకు.

అయితే ఇంత దగ్గరితనం ఉంది కదా అని "మీదీ మాదీ ఒకటేలే" అనొద్దమ్మా. అలా అంటే ఇద్దరి తాతల్నీ తక్కువ చేసినట్టే. 1965లో మన కాథలిక్ బిషప్పుల వాటికన్ మహాసభ చెప్పింది, వేరే మతాల్లో సత్యమైనది, పవిత్రమైనది దేన్నీ శ్రీసభ, అంటే మన కాథలిక్ సంఘం, తోసెయ్యదని, అదే చోట క్రీస్తే మార్గం, సత్యం, జీవం అని ప్రకటించడం మానదని కూడా చెప్పింది. రెండూ పట్టుకో. వాళ్ళకి సృష్టించిన దేవుడు లేడు, మార్పు లేకుండా నిలిచుండే ఆత్మ అనేది లేదు, ఎవరి దీపం వాళ్ళే. మనం మనల్ని మనం రక్షించుకోలేం, ఒకాయన చెయ్యిచ్చి లేపాడు అంటాం. ఇది చిన్న తేడా కాదు, నిదానంగా చెప్పు, గెలవాలని చెప్పకు.

వాళ్ళ బౌద్ధ విహారానికి పిలిస్తే వెళ్ళు. చెప్పులు విప్పి, నిశ్శబ్దంగా నిలబడు. అందరూ బుద్ధం శరణం గచ్ఛామి అంటుంటే నువ్వు అనక్కర్లేదు, నువ్వు శరణన్నది ప్రభువునే. ఆ అమ్మాయి మన పూజకొస్తే దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే పవిత్ర రొట్టె) తీసుకోదు కదా, ఇదీ అంతే, ముందే చెప్పేస్తే నొచ్చుకోదు.

ఇంక ఆ ప్రశ్న. నా దగ్గర జవాబు లేదు బంగారం, ఆ బావి దగ్గర నిలబడ్డ మా అమ్మమ్మకి కూడా నేను జవాబు చెప్పలేను. ఊరి బయట ఉంచింది మనుషులు, అది నిజమే, కానీ మరి దేవుడు ఏం చేస్తున్నాడు అని ఆ పిల్ల మళ్ళీ అడుగుద్ది, అడగాలి కూడా. నాకు తెలిసింది ఒక్కటే, హెబ్రీయులకు రాసిన లేఖ 13వ అధ్యాయంలో ఉంటుంది, ఏసు ప్రభువుని చంపింది కూడా ఊరి ద్వారం అవతల, ఊరి బయటే. నేను నమ్మే దేవుడు అక్కడున్నాడు, మనవాళ్ళని ఉంచిన చోటే. అందుకే మా తాత ఆయన్ని నమ్మాడనుకుంటా. ఇది చెప్పి, ఆ అమ్మాయి ఒప్పుకోకపోతే ఊరుకో, ఈసారి నువ్వు గోడవైపు తిరగొద్దు.

క్రిస్మస్‌కి తీసుకురా తనని. ఒకరోజు అమరావతి బౌద్ధ స్తూపం దగ్గరికి వెళ్దాం. చిన్నప్పుడు అక్కడ చెక్కిన పాదాలు చూసి "మనిషేడమ్మా" అని అడిగావు, పాతకాలం శిల్పాల్లో బుద్ధుణ్ణి పాదాలతో, ఖాళీ సింహాసనంతోనే చూపించేవాళ్ళని నాకప్పుడు తెలీదు. ఆ పిల్లకి తెలిసే ఉంటుంది, ఈసారి తనే చెప్తుంది మనకి. నాన్‌వెజ్ తింటుందో లేదో కనుక్కుని మెసేజ్ పెట్టు.

అమ్మ