సికిల్ చీటీలో సగం మాటే రాస్తే ఎలా?

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగిపోయే సికిల్ సెల్ జబ్బుకు జన్యువును సరిదిద్దే చికిత్స వచ్చిందని మీ పత్రికలో చదివాను. రక్తాన్ని పుట్టించే మూలకణాలను రోగి ఒంట్లోంచి తీసి, జన్యువును కత్తిరించే క్రిస్పర్ పద్ధతిలో మార్చి, మళ్లీ ఎక్కిస్తారట. తల్లి కడుపులో ఉన్నప్పుడు తయారయ్యే హిమోగ్లోబిన్ దాంతో మళ్లీ తయారవుతుందట. బ్రిటన్, అమెరికా 2023లోనే అనుమతి ఇచ్చాయి. అమెరికాలో ధర 22 లక్షల డాలర్లు. దాన్ని రూపాయల్లోకి మార్చి చూసుకుని, పేపరు మడిచి పక్కన పెట్టాను.

నేను రాసేది అంతకంటే చాలా చిన్న సంగతి. పది నిమిషాల్లో అయిపోయే టెస్టు గురించి.

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా సిరొంచ. ఇంట్లో మాట తెలుగు, ఆఫీసు కాగితం మరాఠీ. నిరుడు మా దగ్గర పెట్టిన ఒక క్యాంపులో మా మేనకోడలికి సికిల్ పరీక్ష చేశారు. చీటీ మీద ‘పాజిటివ్’ అని రాసి, నిర్ధారణ రిపోర్టు తర్వాత వస్తుందని చెప్పి పంపారు. అప్పటికే తెలంగాణలోని చెన్నూరు వైపు సంబంధం ఖాయమైంది. సంగతి వాళ్ల దాకా పోయింది, వాళ్లు వెనక్కి తగ్గారు. రిపోర్టు ఎంతకీ రాలేదు. ఇంట్లో అందరికీ టెన్షన్. చివరికి వరంగల్ తీసుకెళ్లి సొంత డబ్బుతో, రక్తంలోని హిమోగ్లోబిన్ రకాలను విడదీసి చూపే హెచ్‌పీఎల్‌సీ పరీక్ష చేయిస్తే ‘ఏఎస్’ అని వచ్చింది. అంటే పిల్లకు జబ్బు లేదు, ఉత్త క్యారియర్, సికిల్ జన్యువు ఒక్కటే ఉంది. ఆ ముక్క చెప్పేలోపే అబ్బాయికి ఇంకోచోట లగ్గమైపోయింది.

క్యాంపులో టెస్టు తప్పు చెప్పలేదు, సగమే చెప్పింది. రక్తపు చుక్కను ఒక ద్రావణంలో కలిపి, ట్యూబు వెనక గీతల కాగితం పెట్టి చూస్తారు. గీతలు కనిపించనంతగా మసకబారితే సికిల్ హిమోగ్లోబిన్ ఉన్నట్టు. కానీ జబ్బున్నవాళ్ల రక్తమూ మసకబారుతుంది, క్యారియర్ల రక్తమూ మసకబారుతుంది. ఇక ఆరు నెలల్లోపు పిల్లల రక్తంలో కడుపులో ఉన్నప్పటి హిమోగ్లోబినే ఎక్కువ కాబట్టి, జబ్బున్నా ఏమీ లేదని చూపించొచ్చు. ఇన్‌ఫెక్షన్లు రాకుండా పెన్సిలిన్ మొదలుపెట్టాల్సిందేమో ఆ వయసులోనే.

ఇప్పుడు గర్భం తెలుసుకునే కిట్టు లాంటి పట్టీలు వచ్చాయి. మామూలు హిమోగ్లోబిన్‌నూ సికిల్ హిమోగ్లోబిన్‌నూ విడివిడిగా పట్టే యాంటీబాడీలు వాటిలో ఉంటాయి. వేలి నుంచి ఒక చుక్క చాలు, కరెంటు కూడా అక్కర్లేదు. క్యారియరా, జబ్బా అన్నది అక్కడికక్కడే చాలావరకు తేలిపోతుంది. సికిల్‌తో పాటు తలసీమియా అనే ఇంకో రక్తపు జబ్బు కూడా కలిసి ఉందేమో చూడాలంటే హెచ్‌పీఎల్‌సీ కావాల్సిందే, అది నాకూ తెలుసు. కానీ మాకు గడ్చిరోలి రెండు వందల కిలోమీటర్ల దూరం. ఎవరైనా ఎన్నిసార్లు తిరుగుతారు?

ఇది గోండు, మాడియా ఆదివాసుల జబ్బు అని మాలో చాలామంది చేతులు దులుపుకుంటారు. నేనూ అలాగే అనుకున్నవాణ్ణే, ఒప్పుకుంటున్నాను. ఒక్క సికిల్ జన్యువు ఉన్నవాళ్లకు ప్రాణాంతకమైన మలేరియా నుంచి కొంత రక్షణ ఉంటుందని ఆలిసన్ అనే శాస్త్రవేత్త 1954లోనే చూపించాడు. మలేరియా తరతరాలుగా ఉన్న అడవి ప్రాంతం మాది. ఇక్కడ ఏ కులాన్నీ మినహాయించుకునే పని లేదు. పైగా మేనరికాలు. భార్యాభర్తలిద్దరూ క్యారియర్లయితే ప్రతి కాన్పులోనూ బిడ్డకు జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక్కరే క్యారియర్ అయితే, రెండోవారి రక్తంలో ఏ తేడా లేకపోతే, పిల్లలకు ఆ జబ్బు రాదు. ఈ రెండు వాక్యాలు తెలుగులో అచ్చేసి చీటీ వెనక పెట్టి ఉంటే మా పిల్ల పెళ్లి ఆగేది కాదు.

కేంద్ర ప్రభుత్వం 2023 జూలై 1న మధ్యప్రదేశ్‌లోని షహడోల్‌లో సికిల్ సెల్ నిర్మూలన మిషన్ ప్రారంభించింది. 40 ఏళ్లలోపు వయసున్న 7 కోట్ల మందికి పరీక్షలు చేయాలని, 2047 నాటికి జబ్బును నిర్మూలించాలని లక్ష్యం. మహారాష్ట్ర, తెలంగాణ రెండూ అందులో ఉన్నాయి. లెక్కలో మా మేనకోడలు కూడా ‘పరీక్ష అయిపోయినవాళ్ల’లోనే ఉండి ఉంటుంది. ఆ పట్టీలు సిరొంచ ఆసుపత్రిలో, ముఖ్యంగా కాన్పుల వార్డులో, ఎప్పుడూ ఉండేలా చూడాలి. నిర్ధారణ రిపోర్టు ఏ తేదీకి ఇస్తారో చీటీ మీదే రాయాలి. ప్రాణహిత మీద, గోదావరి మీద వంతెనలు పడ్డాక మా పెళ్లిళ్లు సగం అటు తెలంగాణ వైపే. అందుకే ఇక్కడి సికిల్ పరీక్ష కార్డును అక్కడి డాక్టరు, అక్కడి కార్డును ఇక్కడి డాక్టరు చదివి నమ్మే ఏర్పాటు రెండు రాష్ట్రాలూ కూర్చుని చేయాలి.

మా చెల్లెలు ఆ వరంగల్ రిపోర్టుకు లామినేషన్ చేయించి బీరువాలో పెట్టింది. ఈ మధ్య మహదేవ్‌పూర్ నుంచి ఇంకో సంబంధం వచ్చింది. ఈసారి రిపోర్టు ముందే చూపించి, అబ్బాయికీ పరీక్ష చేయించమని అడిగాం. ‘మా వాడికేం రోగం’ అని కోపం చేసుకున్నారు. ఇంకా ఏ సంగతీ చెప్పలేదు.

– ఒక పాఠకుడు, సిరొంచ, గడ్చిరోలి జిల్లా