జ్వరం లెక్క తీసుకోండి, జ్వరం ఎవరికొచ్చిందో వద్దు

రాష్ట్ర వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. రాజోలు దగ్గర ఒక లంక ఊళ్ళో నాకు మందుల షాపు ఉంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర వరద 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మేమూ మునిగాం. నీరు తీశాక జ్వరాలు మొదలైన సంగతి ఆసుపత్రి కంటే ముందు నాకే తెలిసింది. పారాసిటమాల్, ఓఆర్ఎస్ ప్యాకెట్లు అయిపోయే తీరే చెప్పింది. ఇప్పుడు నాకంటే ముందు ఫోన్‌కి తెలుస్తోంది. షాపు మెట్లెక్కకముందే జనం గూగుల్‌ని అడిగేస్తున్నారు.

ఆ వెతుకులాటల లెక్క మీ శాఖ తెప్పించుకుంటే మంచిదే. ధవళేశ్వరం నీటిమట్టం రోజూ చెబుతున్నట్టు మండలాల వారీగా జ్వరాల సంగతీ చెప్పొచ్చు. కాకపోతే దాన్నొక్కదాన్నే నమ్ముకోకండి. గూగుల్ 2008లో అమెరికాలో ఇలాగే ఫ్లూ అంచనాలు మొదలుపెట్టింది. 2012-13 సీజన్‌లో అంచనా అసలు కంటే రెట్టింపు దాటిపోయింది, 2015లో ఆపేశారు. టీవీలో జ్వరం వార్త వస్తే జ్వరం లేనివాళ్ళూ వెతుకుతారు కదండీ. ఏఎన్ఎమ్‌లు ఇళ్ళకు తిరిగి రాసుకొచ్చే లెక్క పక్కన ఇది ఉండాలి, దాని బదులు కాదు.

అసలు భయం వేరే. కొందరు మా షాపుకొచ్చి నోరు విప్పరు, ఫోన్ తిప్పి చూపిస్తారు. గర్భం టెస్ట్ కిట్టు, నిద్ర మాత్రలు, ఇంకా చెప్పుకోలేనివి. నేను చూసి కాగితంలో చుట్టి ఇస్తాను, అంతే. ఇక్కడివాళ్ళు కొందరు అమలాపురం దాకా పోయి కొనుక్కునేది కూడా నా మొహం చూడలేకే. నాకేం కోపం లేదు. అలాంటివాళ్ళు ఫోన్‌లో వెతికినవి ఈ లెక్కతో బయటపడతాయేమోనని నా భయం.

పేర్లు తీసేస్తాం కదా అంటారేమో. 2006లో ఏఓఎల్ అనే అమెరికా ఇంటర్నెట్ కంపెనీ ఆరున్నర లక్షల మంది వెతుకులాటలను పేర్లు తీసి, నంబర్లు వేసి బయటపెట్టింది. కొద్ది రోజుల్లోనే విలేకరులు ఒక నంబరు వెనక ఉన్న పెద్దావిడ ఇంటికి వెళ్ళిపోయారు. అంత పెద్ద అమెరికాలోనే అలా అయితే, నలభై గడపల లంకలో 'ఒకరు' అని అంకె వేస్తే చాలు, సాయంత్రానికి రేవులో పేరు తెలిసిపోతుంది.

అందుకని ఊరి పేరుతో లెక్క వద్దు, మండలం చాలు. అంకె మరీ చిన్నదైతే చూపించకండి. 2020లో కోవిడ్ లక్షణాల వెతుకులాటలను విడుదల చేసినప్పుడు గూగులే అంకెల్లో కావాలని కాస్త తేడా కలిపింది, ఏ ఒక్కరూ దొరక్కుండా. మీరూ ఆ పద్ధతే అడగండి.

ఇంకొకటి. 2023 డేటా రక్షణ చట్టం 17వ సెక్షన్ గణాంకాల పనికి మినహాయింపు ఇస్తోంది, దాంతో ఫలానా మనిషి మీద నిర్ణయం తీసుకోకూడదన్న షరతుతో. అదే సెక్షన్ కింద దేశ భద్రత, శాంతిభద్రతల కోసమంటూ కేంద్రం నోటిఫై చేసిన సంస్థలకు చట్టమే వర్తించదు. నా టెన్షన్ అదండి. జ్వరం కోసం తెచ్చిన డేటా మీ శాఖ గుమ్మం దాటదని, సీజన్ అయ్యాక చెరిపేస్తారని జీవోలో రాయించండి. నోటిమాట వద్దు.

ఇట్లు,
లంకలో మందుల షాపాయన